కర్త ఎక్కడికి పోయాడు?
ఇంగ్లీషు శైలి సూత్రాలూ, మన వాక్యమూ

నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. చిన్న పట్నంలో డిగ్రీ కాలేజీ. తరగతిలో ఎక్కువమంది తెలుగు మీడియంలో చదివి వచ్చిన కూలీల పిల్లలు, చిన్న రైతుల పిల్లలు. ఇంగ్లీషు వాక్యమంటే వాళ్ళకు భయం. ఆ భయం పోగొట్టాలని వ్యాకరణం అభ్యాసాలు తెగ చేయించేవాణ్ణి. ఒకరోజు 'పోలీసులు రైతులను కొట్టారు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం బోర్డు మీద రాసి, కర్మణి ప్రయోగంలోకి మార్చమన్నాను. వెనక బెంచీ కుర్రాడొకడు 'ది ఫార్మర్స్ వర్ బీటెన్ బై ది పోలీస్' అని రాసి చూపించాడు. బాగుందన్నాను. కర్త ఎవరో వేరే చెప్పనక్కర్లేనప్పుడు చివర 'బై'తో వచ్చే ముక్కను వదిలెయ్యవచ్చని, పుస్తకంలో వున్న సూత్రం కూడా చెప్పాను. వాడు లేచి, "సార్, కొట్టినవాళ్ళను తీసేసినా మార్కులు పోవా?" అనడిగాడు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వి, పోవని చెప్పాను.

సాయంత్రం ఇంటికి నడిచి వెళుతుంటే ఆ ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు. మార్కులు పోవన్నది నిజమే. పరీక్షలోనే కాదు, పత్రికలోనూ పోవు, ప్రభుత్వ ప్రకటనలోనూ పోవు, అసెంబ్లీలోనూ పోవు. కొట్టినవాళ్ళను తీసేసి రాసిన వాక్యం వ్యాకరణ రీత్యా నిర్దోషంగా వుంటుంది. ఆ కుర్రాడికి నేనియ్యవలసిన జవాబు వేరే వుంది. అది నాకప్పుడు తెలియలేదు. ఈ వ్యాసం ఆలస్యంగా ఇస్తున్న ఆ జవాబు.

దీన్ని ఇక్కడ రాయడానికి మరో కారణం వుంది. స్పష్టంగా రాయడమెలాగో చెప్పే ఇంగ్లీషు పుస్తకాలు మన యువ రచయితల చేతుల్లో బాగా తిరుగుతున్నాయి. కర్మణి ప్రయోగం వద్దు, పెద్ద మాట బదులు చిన్నమాట వాడు, అనవసరమైన పదం తీసెయ్ వంటి సూత్రాలను వాళ్ళు వేదవాక్కుల్లా అప్పజెబుతున్నారు. మరికొందరు మిత్రులు ఇవన్నీ వలసపాలకుల భాషా మర్యాదలు, మనకెందుకని కొట్టిపారేస్తున్నారు. ఈ రెండు వైఖరులూ తప్పేనని నా అభిప్రాయం. ఏ సూత్రం ఏ అవసరంలోంచి, ఎవరి అవసరంలోంచి పుట్టిందో తెలుసుకున్నాకే అది మనకు పనికొస్తుందో లేదో తేల్చుకోగలం.

1

ముందు పనికిరానివాటిని పక్కన పెడదాం. ఇంగ్లీషు వాక్యం చివర ప్రెపొజిషన్ వుండకూడదన్న నియమం మనందరికీ బడిలోనే నూరిపోశారు. 1672లో డ్రైడన్ అనే కవి తనకు ముందటి తరంవాడైన బెన్ జాన్సన్ రచనలో ఈ 'తప్పు' పట్టాడు. 1762లో రాబర్ట్ లౌత్ అనే మతాచార్యుడు తన వ్యాకరణంలో, ఇది మాటల్లో మామూలే గాని గంభీరమైన రచనకు నప్పదని మెత్తగా చెప్పాడు. తరువాతి బడిపంతుళ్ళు ఆ మెత్తని మాటను బెత్తంగా మార్చారు. 'టు'కూ దాని క్రియకూ మధ్య మరో మాట దూర్చకూడదన్న నియమం ఇంకా కొత్తది. అది పందొమ్మిదో శతాబ్దంలో బలపడింది. లాటిన్ గౌరవభాషగా వున్న రోజుల్లో ఇంగ్లీషును లాటిన్ కొలబద్దతో కొలవడం పండితులకు అలవాటు. 1926లో 'మోడరన్ ఇంగ్లీష్ యూసేజ్' నిఘంటువు రాసిన ఫౌలర్ ఈ రెండు నియమాలనూ మూఢనమ్మకాల కిందే జమకట్టాడు.

ఇవి ఎందుకు పుట్టాయన్నది ఇక్కడ ముఖ్యం. పద్దెనిమిదో శతాబ్దపు చివర ఇంగ్లండులో వ్యాపారంతో డబ్బు చేసుకున్న మధ్యతరగతి పైకి పాకుతున్నది. వాళ్ళ పిల్లలకు పెద్దమనుషుల భాష కావాలి. 1795లో అచ్చయిన లిండ్లీ మర్రే వ్యాకరణం లెక్కలేనన్ని ముద్రణలు పొందింది అందుకే. పైకెక్కేవాడికి నిచ్చెనగా పనికొచ్చిన నియమమే కిందివాడికి కంచెగా మారింది. మనకిది కొత్త సంగతి కాదు. అరసున్న ఎక్కడ పెట్టాలో, బండి ర ఎక్కడ రాయాలో తెలియనివాడు రచయితే కాడన్న రోజులు మనకూ వుండేవి. ఆ అరసున్న వల్ల అర్థం ఒక్క వీసమైనా స్పష్టమయ్యేది కాదు. రాసినవాడు ఎవరి దగ్గర చదువుకున్నాడో మాత్రం స్పష్టమయ్యేది.

నియమం అధికారానికి ఎలా లొంగుతుందో చూపే ఉదాహరణ ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను. ఆడో మగో తేలని ఒక మనిషిని గురించి చెప్పేటప్పుడు ఇంగ్లీషు జనం పద్నాలుగో శతాబ్దం నుంచీ 'దే' అనే బహువచనాన్నే ఏకవచనంగా వాడుకుంటున్నారు. పండితులు అది తప్పన్నారు, 'హీ' అనాలన్నారు. 1850లో బ్రిటిష్ పార్లమెంటు, చట్టాల్లో పుంలింగ పదంలో స్త్రీలు కూడా చేరతారని ఏకంగా శాసనం చేసింది. వాక్యంలో స్త్రీని 'హీ'లో కలిపేసిన ఆ పార్లమెంటే ఓటు దగ్గరకొచ్చేసరికి 1918 దాకా ఆమెను బయటే నిలబెట్టింది. ఇలాంటి నియమాలకు మనం భయపడనక్కర్లేదు.

2

రెండో రకం సూత్రాలు వేరు. వాటి లక్ష్యం పెద్దరికం కాదు, స్పష్టత. ఫౌలర్ సోదరులు 1906లో 'ది కింగ్స్ ఇంగ్లీష్' రాశారు. ఎరగని మాట కన్నా ఎరిగిన మాట, అమూర్తమైన మాట కన్నా మూర్తమైన మాట, డొంకతిరుగుడు కన్నా సూటిమాట మేలన్నది వాళ్ళ సలహాల సారం. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు విలియం స్ట్రంక్ 1918లో తన విద్యార్థుల కోసం ఒక చిన్న పుస్తకం వేసుకున్నాడు. ఆయన శిష్యుడు ఇ.బి. వైట్ దాన్ని పెంచి 1959లో మళ్ళీ తెచ్చాడు. మన పిల్లల చేతుల్లో తిరుగుతున్నది ఆ పుస్తకమే.

వీటన్నిటిలోకీ నన్ను ఆకట్టుకున్నది ఎర్నెస్ట్ గవర్స్ రాసిన 'ప్లెయిన్ వర్డ్స్'. అది 1948లో వచ్చింది. బ్రిటిష్ ఖజానా శాఖ అడిగి మరీ గుమాస్తాల కోసం రాయించుకున్న పుస్తకమది. ఆ సంవత్సరాన్ని చూడండి. యుద్ధం ముగిసింది. లేబర్ ప్రభుత్వం వచ్చింది. 1948 జూలైలో జాతీయ ఆరోగ్యసేవ, జాతీయ బీమా అమల్లోకి వచ్చాయి. అప్పటిదాకా సర్కారు కాగితం సర్కారులోనే తిరిగేది. ఇప్పుడది పింఛను తీసుకునే ముసలమ్మ దగ్గరకు, గాయపడ్డ గనికార్మికుడి దగ్గరకు వెళ్ళవలసి వచ్చింది. వాళ్ళకు హక్కు వచ్చింది కాబట్టి ఆ హక్కు ఏమిటో వాళ్ళకర్థమయ్యే భాష అవసరమైంది. శైలి మారింది సౌందర్యదృష్టి వల్ల కాదన్నమాట.

హక్కు వచ్చినంత తేలిగ్గా భాష రాలేదు. 1979లో క్రిస్సీ మేహర్ అనే లివర్‌పూల్ స్త్రీ, పార్లమెంటు ముందరి చౌకులో సర్కారు దరఖాస్తు ఫారాలను ముక్కలు ముక్కలు చేసి నిరసన తెలిపింది. 'ప్లెయిన్ ఇంగ్లీష్ క్యాంపెయిన్' అలా మొదలైంది. ఆమె స్వయంగా చదవడం రాయడం ఆలస్యంగా నేర్చుకున్న కార్మికవర్గపు మనిషి. గవర్స్ పై నుంచి చెప్పినదాన్ని ఆమె కింద నుంచి అడిగింది. 2010లో అమెరికా ప్రభుత్వం కూడా తన కాగితాలు సులభమైన భాషలో వుండాలని చట్టం చేసుకున్నది.

ఈ సూత్రాల్లో ఒకదాన్ని మాత్రం మనం జాగ్రత్తగా పట్టుకోవాలి. లాటిన్, ఫ్రెంచి మూలాల మాట కన్నా సొంత సాక్సన్ మాట మేలని ఫౌలర్లు అన్నారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. కోర్టు, పన్ను, విందు వాళ్ళ మాటలతో నిండాయి, దుక్కీ దున్నే మాటలు సాక్సన్‌లోనే మిగిలాయి. అందువల్ల ఇంగ్లీషులో సాక్సన్ మాట చాలావరకు జనం మాటే. దీన్ని అట్లాగే తెలుగులోకి తెచ్చి, సంస్కృతం తీసేసి అచ్చతెలుగు రాస్తే స్పష్టత వచ్చేస్తుందనుకుంటే పొరపాటు. పదహారో శతాబ్దంలో పొన్నికంటి తెలగన 'యయాతి చరిత్రము' మొత్తం అచ్చతెలుగులో రాశాడు. అది చదవడానికి ఈనాడు నిఘంటువు కావాలి. మన పల్లెటూరి మనిషి నోట్లో 'న్యాయం', 'కష్టం', 'రోగం', 'అన్నం' వున్నాయి, 'జమీను', 'దస్తావేజు', 'లోను', 'కరెంటు' వున్నాయి. మాట ఏ వంశంలో పుట్టిందన్నది పండితుడి ప్రశ్న. ఎవరి నోట్లో వున్నదన్నదే మన ప్రశ్న. గిడుగు అడిగింది కూడా అదే. 1913లో గిడుగు రామమూర్తి ఆధునిక తెలుగును గురించి రాసిన మెమొరాండం, 1914లో గురజాడ విశ్వవిద్యాలయానికిచ్చిన అసమ్మతి పత్రం రెండూ ఇంగ్లీషులోనే వున్నాయి. జనం తెలుగు కోసం పోరాటం చెయ్యడానికి కూడా పాలకుల భాషలో స్పష్టంగా రాయడం అవసరమైంది.

3

ఇక అసలు సంగతికొస్తాను. స్పష్టత కోరే పుస్తకాలన్నీ ఏకకంఠంతో ఖండించేది కర్మణి ప్రయోగాన్ని. ఈ ఖండన ఎంతవరకు సబబు?

స్ట్రంక్, వైట్‌ల పుస్తకానికి యాభయ్యేళ్ళు నిండిన 2009లో జెఫ్రీ పుల్లమ్ అనే భాషాశాస్త్రవేత్త ఒక ఘాటైన విమర్శ రాశాడు. కర్మణి వద్దని చెబుతూ ఆ పుస్తకమిచ్చిన నాలుగు జతల ఉదాహరణల్లో మూడు అసలు కర్మణి వాక్యాలే కావని చూపించాడు. 'వజ్', 'వర్' కనబడ్డ ప్రతిచోటా కర్మణి అనుకున్నారన్నమాట. వద్దన్న వస్తువేదో వద్దన్నవాళ్ళకే ఆనవాలు తెలియలేదు.

ఇంగ్లీషుకు కర్మణి ప్రయోగం ఎందుకు అవసరమో కూడా చూడాలి. ఇంగ్లీషులో పదాల వరుసే విభక్తి పని చేస్తుంది. క్రియకు ముందున్నవాడు చేసినవాడు, తరువాత వున్నవాడు అనుభవించినవాడు. రైతుల గురించే మాట్లాడుతున్నాం, వాక్యం రైతులతోనే మొదలుకావాలి అనుకున్న రచయితకు ఆ భాషలో తేలికైన దారి కర్మణి ప్రయోగమే. 'రైతులు పోలీసులచేత కొట్టబడిరి' అన్న ఇంగ్లీషు వాక్యంలో దాచిందేమీ లేదు. చేసినవాడు చివర స్పష్టంగా నిలబడే వున్నాడు.

దీనికి ఎదురుగా మరో వాక్యం పెడతాను. ఇరాన్‌కు ఆయుధాలమ్మిన వ్యవహారం బయటపడ్డాక, 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ కాంగ్రెసు ముందు నిలబడి, తప్పులు జరిగాయని ఒప్పుకున్నాడు. ఇంగ్లీషులో అది 'మిస్టేక్స్ వర్ మేడ్' అన్న కర్మణి వాక్యం, చేసినవాడు లోపించిన కర్మణి. విమర్శకులు కర్మణి ప్రయోగాన్ని తిట్టిపోశారు. అదే మాట తెలుగులో చెప్పి చూడండి: 'తప్పులు జరిగాయి.' ఇందులో కర్మణి లేదు. 'జరుగు' అకర్మక క్రియ. వాక్యం శుద్ధమైన కర్తరి. కాని చేసినవాడు ఇక్కడా లేడు. అంతే కాదు, ఇంగ్లీషు వాక్యంలో కనీసం 'ఎవరిచేత?' అని అడగడానికి ఒక ఖాళీ వుంది. తెలుగు వాక్యంలో ఆ ఖాళీ కూడా లేదు. తప్పులు వాటంతటవే వానలాగా కురిసినట్టు, పంటలాగా పండినట్టు జరిగిపోయాయి.

కాబట్టి కర్మణి ప్రయోగం నేరస్థుడు కాదు. చేసినవాణ్ణి దాచడానికి భాషలో చాలా గదులున్నాయి. అకర్మక క్రియ ఒకటి: తుపాకి పేలింది, గ్యాసు లీకైంది, ఊరు మునిగింది. క్రియను నామవాచకంగా మార్చడం మరొకటి: కాల్పులు, తొలగింపు, ఖాళీ చేయింపు. క్రియ నామవాచకం కాగానే కర్తా పోతాడు, కాలమూ పోతుంది. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు ఊరిమీద పడింది. 1985లో పార్లమెంటు చేసిన పరిహారపు చట్టం పేరులో 'గ్యాస్ లీక్ డిజాస్టర్' వుంది, కంపెనీ లేదు. కర్మణి మానెయ్యమన్న సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించినా ఆ పేరులో మార్చవలసిందేమీ కనపడదు.

4

ఇక్కడ జార్జి ఆర్వెల్ గురించి మాట్లాడక తప్పదు. 1946 ఏప్రిల్లో 'హొరైజన్' పత్రికలో వచ్చిన ఆయన వ్యాసం, రాజకీయాలకూ ఇంగ్లీషు భాషకూ వున్న సంబంధాన్ని చర్చించింది. ఆర్వెల్ అంటే మన శిబిరంలో చాలామందికి పడదు. దానికి కారణాలున్నాయి. 1949లో ఆయన, కమ్యూనిస్టు సానుభూతిపరులని తాననుకున్న రచయితల, పాత్రికేయుల పేర్ల జాబితాను బ్రిటిష్ విదేశాంగశాఖ ప్రచార విభాగానికిచ్చాడు. దాన్ని నేను సమర్థించను. కాని ఆయన వ్యాసాన్ని ఆ జాబితా కింద పాతిపెట్టడానికీ ఒప్పుకోను. బీహార్‌లోని మోతీహారిలో, నల్లమందు శాఖ ఉద్యోగి ఇంట్లో 1903లో పుట్టి, బర్మాలో వలస పోలీసుగా 1922 నుంచి అయిదేళ్ళు పనిచేసిన మనిషి ఆయన. సామ్రాజ్యపు భాష లోపలి నుంచి ఎలా వుంటుందో ఎరిగినవాడు.

ఆయన వాదం క్లుప్తంగా ఇది: ఈ కాలపు రాజకీయం ఎక్కువభాగం సమర్థించరానిదాన్ని సమర్థించడమే. సూటిగా చెబితే మనుషులు భరించలేరు కాబట్టి, పల్లెల మీద బాంబులు వేయడానికి శాంతిస్థాపన వంటి పేర్లు పెట్టవలసి వస్తుంది. ఈ మాటలో గొప్ప నిజముంది. ఆయనిచ్చిన ఆరు సూత్రాల్లో చివరిది నాకు మరీ ఇష్టం. అనాగరికమైన మాట అనడం కన్నా ఈ సూత్రాలన్నిటినీ ఉల్లంఘించడమే మేలని అది చెబుతుంది. కర్మణి మీద ఫిర్యాదు చేసే చోట ఆయనే కర్మణి వాడాడని చాలామంది ఎత్తిచూపారు. అది చిన్న విషయం. నా అభ్యంతరం వేరే చోట వుంది.

దుర్మార్గానికి అస్పష్టత తప్పనిసరి అన్నట్టుగా ఆ వ్యాసం ధ్వనిస్తుంది. అది నిజం కాదు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్, అదే ఆగస్టులో పై అధికారులకొక నివేదిక ఇచ్చాడు. శైలి రీత్యా అది ఆదర్శప్రాయమైన ఇంగ్లీషు. కర్తరి ప్రయోగం, ఉత్తమ పురుష. తాను కాల్పించానన్నాడు, గుంపు చెదిరేదాకా కాల్పించానన్నాడు, గుంపును చెదరగొట్టడమొక్కటే ఉద్దేశం కాదని, పంజాబు అంతటా జనం మనసుల మీద ప్రభావం వేయడానికి అది అవసరమైన కనీసపు కాల్పులన్నాడు. పేల్చిన తూటాలు 1,650. సర్కారు లెక్కలోనే చచ్చిపోయినవాళ్ళు 379 మంది. విచారణలో, సందు వెడల్పుగా వుంటే మరతుపాకుల బళ్ళను కూడా లోపలికి తోలించేవాణ్ణనే ధోరణిలో జవాబిచ్చాడు. ఏ శైలి పుస్తకమూ ఇందులో తప్పు పట్టలేదు.

తరువాత ఏమైంది? దేశమంతా భగ్గుమన్నది. బ్రిటిష్ పార్లమెంటులో చర్చ వచ్చింది. అప్పుడు, 1920 జూలైలో, సైనిక మండలి తన తీర్పు చెప్పింది: డయ్యర్‌ను నిర్ణయదోషం నుంచి విముక్తుణ్ణి చేయలేమన్నది. 'కాల్పించాను' అన్న క్రియ 'నిర్ణయదోషం' అన్న నామవాచకమైంది. చంపడం పోయి అంచనాలో పొరపాటు మిగిలింది.

ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకొక విషయం అర్థమవుతుంది. జవాబు చెప్పనక్కర్లేదనుకున్న అధికారం స్పష్టంగానే మాట్లాడుతుంది. జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు అది నామవాచకాల్లోకి, అకర్మక క్రియల్లోకి దూరుతుంది. అంటే పాలకుల భాషలోని మసక మనకు ఒక పాఠం కూడా చెబుతున్నది: వాళ్ళిప్పుడు ఎవరికో సమాధానం చెప్పుకోవలసిన స్థితిలో వున్నారు. స్పష్టత దానంతటదే నీతి కాదు. అస్పష్టత కూడా కేవలం చేతగానితనం కాదు. ఏ వాక్యాన్నయినా 'ఎవరు చేశారు, ఎవరికి చేశారు, ఇక్కడ ఎవరి పేరు లేదు?' అని అడగాలి. ఈ మూడు ప్రశ్నలు ఏ శైలి సూత్రం కన్నా పదునైనవి.

5

ఇప్పుడు మన వాక్యం దగ్గరకొద్దాం. ఇంగ్లీషుకు కర్మణి ఎందుకు కావాలో పైన చెప్పాను. తెలుగుకు ఆ అవసరం లేదు. మనకు విభక్తి ప్రత్యయాలున్నాయి. 'రైతులను పోలీసులు కొట్టారు' అంటే చాలు, రైతులు ముందుకొస్తారు, కొట్టినవాళ్ళు పోరు. 'బడు' ధాతువు మన వ్యాకరణాల్లో పాతకాలం నుంచీ వున్నా జనం నోట్లో అరుదు. ఏ తల్లీ తన బిడ్డ కుక్కచేత కరవబడ్డాడని ఏడవదు. 'కుక్క కరిచింది' అంటుంది. ఆఫీసు ఫైళ్ళలో, పాఠ్యపుస్తకాల్లో 'చేయబడినది', 'ఇవ్వబడును', 'నిర్ణయించబడింది' అని గుట్టలుగా పడివున్నవి ఇంగ్లీషు నుంచి మాటకు మాటగా దిగుమతి అయినవే. 1966లో తెలుగు అధికారభాషగా చట్టం వచ్చాక ఆఫీసు తెలుగులో మాట్లాడాలనుకున్నాం. ఆఫీసు మాట్లాడింది ఇంగ్లీషు వాక్యానికి వేసిన తెలుగు ముసుగుతో.

ఇంతవరకు మనందరికీ తెలిసిందే. 'బడు'ను వెక్కిరించని తెలుగు రచయిత లేడు. కాని 'బడు'ను తరిమేసి మనం ఇంటికి తెచ్చుకున్నదేమిటో గమనించామా? 'గురి అవడం'. హత్యకు గురయ్యారు, వివక్షకు గురవుతున్నారు, దోపిడీకి గురైన వర్గాలు, ముంపుకు గురైన గ్రామాలు. 'బడు' లేదు కాబట్టి ఇది మంచి తెలుగులాగే వినిపిస్తుంది. పని మాత్రం అదే చేస్తుంది. దోపిడీకి గురైనవాళ్ళు కనబడతారు, దోచుకున్నవాడు కనబడడు. పేదల పక్షాన రాస్తున్నామనుకుంటూనే పేదవాణ్ణి మాత్రమే బోనులో నిలబెట్టి, రెండోవాణ్ణి కోర్టుకే పిలవడం లేదు.

'ఎదురుకాల్పుల్లో మరణించారు' అన్న వాక్యాన్ని మనం ఎన్నిసార్లు చదివాం! వ్యాకరణం ప్రకారం అందులో చనిపోయినవాడే కర్త, మరణించడం అతని పనే. 'ఎదురు' అన్న ఒక్క మాట, ముందు కాల్చిందెవరో విచారణకు ముందే తేల్చేస్తుంది. దాన్ని ఖండిస్తూ రాసిన వ్యాసాల్లో కూడా ఆ వాక్యాన్నే తిరిగి వాడినవాళ్ళున్నారు. నేనూ వాడాను.

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఈ వాక్యంలో చేసినవాళ్ళూ వున్నారు, చేసిన పనీ వుంది, అనుభవించినవాళ్ళూ వున్నారు. దీన్ని మనం ఏమని రాస్తూ వచ్చాం? 'కారంచేడు ఘటన' అని, 'కారంచేడు ఉదంతం' అని. ఊరి పేరు మాత్రం మిగిలింది. ఘటన అంటే సంభవించింది. ఎవరో చేసింది కాదు. ఆ హత్యల తరువాత ఆ సంవత్సరంలోనే దళిత మహాసభ పుట్టింది. దళిత రచయితలు మన అభ్యుదయ సాహిత్యాన్ని కులం గురించి నిలదీసినప్పుడు, వాళ్ళు నిలదీసినవాటిలో మన వాక్యాలు కూడా వున్నాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 'అగ్రవర్ణ దురహంకారం' వంటి అమూర్తమైన మాట రాసి వూరుకుంటే రచయితకు ఏ ఇబ్బందీ లేదు. అహంకారం ఇంటికొచ్చి తలుపు తట్టదు. పేరు రాస్తే తడతారు. మన అమూర్త పదజాలంలో కొంత సిద్ధాంతం వుంది, కొంత భయం వుంది. ఆ రెంటినీ విడదీసి చూసుకోవడం మన పని.

6

ఇతరులను విమర్శించి వూరుకోవడం న్యాయం కాదు. కొన్నేళ్ళ కింద నేనే రాసిన ఒక వాక్యాన్ని బయటకు తీస్తాను: "మారుతున్న గ్రామీణ సామాజిక పరిణామాల నేపథ్యంలో సాహిత్యం యొక్క పాత్ర పునర్నిర్వచించబడవలసిన ఆవశ్యకత ఎంతైనా వున్నది." అప్పుడు దీన్ని చూసి గర్వపడ్డాను. సభలో చదివితే చప్పట్లు కూడా వచ్చాయి.

ఇప్పుడు పై మూడు ప్రశ్నలు అడిగి చూశాను. ఎవరు పునర్నిర్వచించాలి? చెప్పలేదు. ఆవశ్యకత ఎవరికి? చెప్పలేదు. పరిణామాలంటే ఏవి? అవీ చెప్పలేదు. నేనసలు చెప్పదలచుకున్నదేమిటని కూర్చుని రాస్తే ఇలా వచ్చింది: "మా జిల్లాలో కౌలురైతులు అప్పులకు తాళలేక వూళ్ళు వదిలి పోతున్నారు. నేను గాని నా మిత్రులు గాని వాళ్ళ గురించి ఒక్క మంచి కథ రాయలేదు. రాయాలి."

పొట్టి వాక్యాలు కావడం వల్ల ఇది మెరుగు కాలేదు. దీన్ని రాస్తుండగా నాకు మూడు విషయాలు తెలియవని బయటపడింది. వాళ్ళకు అప్పిచ్చినవాడెవడు? పొలం ఎవరిది? వాళ్ళు ఏ వూరికి పోయారు? మొదటి వాక్యం రాసినప్పుడు ఈ ప్రశ్నలు నాకు రాలేదు, ఎందుకంటే ఆ వాక్యానికి వాటి అవసరం లేదు. స్పష్టంగా రాయడానికి ప్రయత్నించాకే నా తెలియనితనం నాకు కనిపించింది. పాఠకుడి సౌకర్యం సంగతి తరువాత. స్పష్టమైన వాక్యం ముందు రచయితను పరీక్షిస్తుంది. మన విమర్శవ్యాసాల్లో 'నేపథ్యం', 'పరిణామం', 'ఆవశ్యకత', 'క్రమం' ఎన్నిసార్లు వస్తున్నాయో లెక్కపెట్టుకుంటే, మనం పొలం దాకా వెళ్ళకుండా రాసిన చోట్లన్నీ దొరుకుతాయి.

దీనర్థం సిద్ధాంత పదాలు వద్దని కాదు. 'అదనపు విలువ' అన్న మాటకు బదులుగా వాడుకలో మరో మాట లేదు. ఆ భావాన్ని అంత కచ్చితంగా ఇంకో మాట పట్టుకోదు. కచ్చితత్వం కోసం వాడిన కఠినమైన మాట స్పష్టతకు శత్రువు కాదు. ఏమీ తెలియనిచోట తెలిసినట్టు కనిపించడానికి వాడిన మాటే శత్రువు. అట్లాగే కర్త తెలియనప్పుడు తెలియదని రాయడం నిజాయితీ. తెలిసీ దాచడం వేరు.

వెనక బెంచీ కుర్రాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. వాడు మళ్ళీ అదే ప్రశ్న అడిగితే ఇలా చెబుతాను: మార్కులు పోవు, నాయనా. తీసేసినవాళ్ళకు మార్కులెప్పుడూ పోలేదు. అయినా సరే, నువ్వు మాత్రం తియ్యకు.